పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పండ్లే ఆహారమైన పావురాలు

కిందటి సంచిక వెనుక అట్ట మీద ఆస్ట్రేలియా వర్షారణ్యాల్లో ఉండే ఊదారంగు ఛాతీ పావురం ఫోటో వేసి, దాని కింద "ఇది పండ్లు తప్ప దాదాపు మరేమీ తినదు" అని ఒకే ఒక్క వాక్యం రాశాము. ఆ వాక్యాన్ని నమ్మలేక కొందరు, నమ్మి ఇంకా తెలుసుకోవాలని కొందరు ఉత్తరాలు రాశారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ పావురాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు బ్రిస్బేన్‌లో ఉంటున్నారు. ఆ మధ్య లామింగ్టన్ నేషనల్ పార్కుకు వెళ్ళినప్పుడు చెట్ల పైనుంచి ఎవరో మనిషి బొంగురు గొంతుతో పిలిచినట్టు వినిపించిందట. తలెత్తి ఎంత వెతికినా ఏమీ కనబడలేదట. మీరు వేసిన ఫోటో చూసి, అది ఈ పక్షి కూతేనని అక్కడివాళ్ళు చెప్పారని అమ్మాయి అంటోంది. మా డాబా మీదికి వచ్చే పావురాలు నూకలు, జొన్నలు చల్లగానే వాలిపోతాయి. పావురమై పుట్టి గింజ ముట్టకపోవడం ఏమిటి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి విన్నది ఈ పక్షి కూత అయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. దీన్ని అక్కడ వొంపూ పావురం అంటారు. గొంతులో నీళ్ళు పుక్కిలిస్తూ పలికినట్టు లోతుగా 'వొం... పూ' అని కూస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. న్యూ గినీ ద్వీపం నుంచి ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట న్యూ సౌత్ వేల్స్ వరకు తడి అడవుల్లో ఇది ఉంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన పక్షి శాస్త్రవేత్త కోన్రాడ్ యాకోబ్ టెమ్మింక్ 1821లో దీన్ని వర్ణించి, 'వైభవోపేతమైనది' అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఆ పేరు అతిశయోక్తి కాదు. లేత బూడిదరంగు తల, కొన పసుపుగా ఉండే ఎర్రని ముక్కు, ఆకుపచ్చ వీపు, రెక్క మీద అడ్డంగా పసుపు పట్టీ, గొంతు నుంచి ఛాతీ పొడవునా పట్టుచీర అంచును తలపించే ముదురు ఊదా, ఆ కింద నిండు పసుపు పొట్ట, ఇవన్నీ ఒకే పక్షిలో కనిపిస్తాయి. ఆడదీ మగదీ ఒకేలా ఉంటాయి. పొడవు 35 నుంచి 45 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. న్యూ గినీ, కేప్ యార్క్ వైపు ఉండేవి కాస్త చిన్నవి, దక్షిణానికి వచ్చేకొద్దీ పెద్దవి.

ఇక గింజల సంగతి. మీ డాబా మీది పావురానికి పళ్ళు లేవు గనక నమిలే పనంతా కడుపులోని కందనకాయ చేస్తుంది. కోడిమాంసం దుకాణంలో కందనకాయను చేత్తో పట్టి చూసినవారికి అది ఎంత గట్టి కండరమో తెలుసు. పావురం ఏరుకుని మింగిన ఇసుక రేణువులు, చిన్న చిన్న రాళ్ళు అందులో ఉంటాయి. వాటి మధ్య పడిన జొన్న గింజ పిండి అయిపోతుంది. అంటే మామూలు పావురం తిన్న ప్రతి గింజా చచ్చిన గింజే. వొంపూ పావురంలోనూ, దాని దగ్గరి చుట్టాలైన ఇతర పండ్ల పావురాల్లోనూ ఈ ఏర్పాటు తారుమారైంది. కందనకాయ గోడ పలచబడింది, గింజను నలిపే బలం దానికి లేదు. పేగు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పక్షి పండును కొరకదు, పొడవదు, గుండుగా మింగేస్తుంది. లోపల గుజ్జు మాత్రం ఒలుచుకోబడుతుంది, గింజ ఎలా లోపలికి వెళ్ళిందో అలాగే, మొలకెత్తే శక్తి చెడకుండా, కొద్ది గంటల్లో ఎక్కడో మరో చెట్టు కింద పడుతుంది. కాబట్టి ఇది గింజ ముట్టదు అనడం కన్నా, గింజను మింగుతుంది గాని అరిగించుకోదు అనడం సరైన మాట.

దీనికి మన ఇళ్ళలోనే చూడగలిగిన ఆధారం ఒకటి ఉంది. వొంపూ పావురాలు ఇష్టంగా తినేవాటిలో మర్రి, రావి కుటుంబపు పండ్లు, నేరేడు జాతి పండ్లు, దాల్చినచెక్క కుటుంబపు చెట్ల కాయలు ఉన్నాయి. వీటితోపాటు క్వీన్స్‌లాండ్ అడవుల్లో నిగనిగలాడే నీలిరంగు గుండ్రని పండ్లు కాసే ఎత్తయిన చెట్టు ఒకటి ఉంది. ఆ చెట్టును, హిమాలయ ప్రాంతపు మన రుద్రాక్ష చెట్టును ఇప్పుడు చాలామంది వృక్షశాస్త్రజ్ఞులు ఒకే జాతిగా లెక్కిస్తున్నారు. మెడలో వేసుకునే రుద్రాక్ష పూస ఆ నీలి పండులోని టెంక. పూసను గోటితో గీసి చూడండి, ముడతలు పడిన ఆ గట్టి పెంకు మీద గీత కూడా పడదు. రెండు మూడు సెంటీమీటర్ల ఆ పండును పావురం మింగితే, పైనున్న పలచని ఆకుపచ్చ గుజ్జు దానికి దక్కుతుంది, టెంక అడవికి దక్కుతుంది. అంత గట్టి టెంకను నూరే ప్రయత్నం మానుకోవడమే ఈ పావురాల వంశం చేసుకున్న తెలివైన ఏర్పాటని మాకు అనిపిస్తుంది.

ప్రశ్న: 'జాజికాయ పావురం' అనే పేరు ఎక్కడో చదివాను. జాజికాయను రాతి మీద అరగదీయడానికే ఎంతో కష్టపడతాము, పక్షి దాన్ని ఎలా మింగుతుంది? నోరు చాలుతుందా? ఇది కట్టుకథ కాదు గదా? – ఒక డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: కట్టుకథ కాదు. వొంపూకు బంధువులైన మరికొన్ని పెద్ద పావురాలను ఇంపీరియల్ పావురాలు అంటారు. దక్షిణాసియా నుంచి పసిఫిక్ దీవుల దాకా వ్యాపించిన వీటిలో కొన్నింటికి ఇంగ్లీషువాళ్ళు జాజికాయ పావురాలని పేరు పెట్టారు.

ముందు జాజికాయ ఎలా ఉంటుందో చూద్దాము. చెట్టు మీద అది చిన్న జామకాయంత పసుపు కాయ. పండాక రెండు చెక్కలుగా పగులుతుంది. లోపల నల్లని గట్టి పెంకున్న గింజ, ఆ గింజను ఎర్రని వలలాగా చుట్టుకుని ఉన్న పొర కనిపిస్తాయి. ఆ ఎర్ర పొరను ఒలిచి ఎండబెడితే జాపత్రి, నల్ల పెంకు పగలగొట్టి తీసిన పప్పు జాజికాయ. బిర్యానీ మసాలాలో మనం వేసే రెండు దినుసులూ ఒకే కాయలోవి. పగిలిన కాయలోంచి పావురం ఎర్ర పొరతో సహా గింజను మింగుతుంది. దానికి కావలసింది నూనె, కొవ్వు ఉన్న జాపత్రి. అది కడుపులో కరిగిపోయాక పెంకుతో ఉన్న గింజను మళ్ళీ కక్కేస్తుంది, లేదా విసర్జిస్తుంది. మనం కష్టపడి అరగదీసే పప్పు జోలికి అది వెళ్ళనే వెళ్ళదు.

నోరు చాలుతుందా అన్నారు. బయటికి కనిపించే ముక్కు సన్ననిదే అయినా, ఈ పావురాల కింది దవడ మూలం దగ్గర పక్కలకు సాగుతుంది, నోటి చీలిక వెడల్పుగా తెరుచుకుంటుంది, గొంతు అంతకంటే ఎక్కువ సాగుతుంది. 1857 డిసెంబరులో జాజికాయకు పుట్టిల్లయిన ఇండోనేసియాలోని బండా దీవులకు వెళ్ళిన బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్, అక్కడి అందమైన పావురాలు జాపత్రిని అరిగించుకుని గింజను చెక్కుచెదరకుండా బయటికి వదలడాన్ని, వాటి నోటి వెడల్పును ప్రత్యేకంగా గమనించి రాసుకున్నాడు.

బండా దీవుల పేరు వచ్చింది గనక ఒక మాట. 1621లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ దీవులను జయించి, అక్కడి ప్రజల్లో అత్యధికులను చంపి లేదా తరిమి, జాజికాయ వ్యాపారాన్ని పూర్తిగా తన గుప్పిట్లో పెట్టుకుంది. ఆ చెట్టు మరో చోట పెరగకూడదన్నది కంపెనీ పట్టుదల. మనుషుల మీద పహరా పెట్టగలిగారు గాని, పొద్దున ఒక దీవిలో తిని సాయంత్రం మరో దీవిలో గింజ వదిలే పక్షి మీద పహరా పెట్టలేకపోయారు. చుట్టుపక్కల దీవుల్లో జాజి మొక్కలు మొలకెత్తుతూనే ఉండటానికి పావురాలే కారణమని చెబుతారు. కంపెనీ లెక్కల పుస్తకాల్లో ఈ పావురాలకు దొంగరవాణాదారుల ఖాతా ఒకటి తెరవవలసింది.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్ళకు పైగా పావురాలు పెంచుతున్నాను. గూటి పిల్లలకు మేత తగ్గితే ఎంత త్వరగా నీరసిస్తాయో నాకు తెలుసు. పండ్లలో తీపి తప్ప ఏముంది? పురుగూ పుట్రా తినకుండా, పప్పుగింజలు తినకుండా ఈ పక్షుల పిల్లలు ఎలా పెరుగుతాయి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అనుభవం ఉన్నవారు మాత్రమే అడగగలిగిన ప్రశ్న ఇది. పండు మాత్రమే తిని బతికే పక్షులు ప్రపంచంలో తక్కువగా ఉండటానికి మీరు చెప్పినదే కారణం: పండులో శక్తి ఉంటుంది, మాంసకృత్తులు బాగా తక్కువ. అందుకే పండ్లు తినే చాలా పక్షులు పిల్లలు పుట్టిన రోజుల్లో పురుగుల వేటలో పడతాయి. పండ్ల పావురాలకు ఆ అవసరం రాకపోవడానికి కారణం మీ గూళ్ళలోనే ఉంది. అదే పావురం పాలు.

మీరు చూసే ఉంటారు, గుడ్డు పొదిగే కాలం ముగియవచ్చేసరికి తల్లి, తండ్రి రెండింటికీ గొంతు కింద ఉండే మేతసంచి గోడలు ఉబ్బుతాయి. ఆ గోడల లోపొరలోని కణాలు కొవ్వు, మాంసకృత్తులతో నిండి, పొరలు పొరలుగా రాలి, జున్నులాంటి ముద్దగా తయారవుతాయి. పిల్ల తన ముక్కును పెద్దపక్షి నోట్లోకి దూర్చి ఆ ముద్దను అందుకుంటుంది. ఆవుపాలలో ఉండే లాక్టోజ్ చక్కెర అందులో ఉండదు, కాని దాన్ని పుట్టించే హార్మోను మాత్రం తల్లులలో పాలు పుట్టించేదే, ప్రొలాక్టిన్. అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు 1930ల మొదట్లో ఆ హార్మోనును గుర్తించి పేరు పెట్టడానికి ఆధారం చేసుకున్నది పావురం మేతసంచి ఉబ్బునే.

అయితే పండ్లు తిని ఆ పాలు తయారుచేయడం తేలిక కాదు. మీ పావురాలు ఈతకు రెండు గుడ్లు పెడితే, వొంపూ పావురం ఒక్కటే తెల్లని గుడ్డు పెడుతుంది. గూడు కూడా ఎంతో పొదుపుగా కడుతుంది. కొమ్మల చీలికలో కాసిని పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చిన చిన్న పళ్ళెం, అంతే. ఆ పుల్లల సందుల్లోంచి కిందనుంచి చూసేవారికి గుడ్డు తెలుపు కనిపిస్తుంది. సుమారు మూడు వారాలు తల్లిదండ్రులిద్దరూ వంతులవారీగా పొదుగుతారు. పుట్టిన పిల్ల పాలతో మొదలుపెట్టి, క్రమంగా పండ్ల గుజ్జుకు అలవాటుపడి, రెండు వారాలకే పూర్తి సైజు రాకుండానే గూడు వదులుతుంది. ఎదగడం పూర్తయ్యాక ఎగరడం కన్నా, పాములు, గద్దలు తిరిగే చోట ఒకే గూటిలో ఎక్కువ రోజులు ఉండకపోవడమే దానికి క్షేమం. ఒక జంట ఒక ఈతలో ఒక్క పిల్లనే పెంచుతుంది కాబట్టి, వేట వల్లనో అడవి నరికివేత వల్లనో తగ్గిపోయిన పండ్ల పావురాల సంఖ్య మళ్ళీ పుంజుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

ప్రశ్న: మా తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డాము. ఉద్యోగరీత్యా నికోబార్ వెళ్ళినప్పుడు తెల్లని ఒళ్ళు, నల్లని రెక్క అంచులు ఉన్న పెద్ద పావురాలు చిన్న దీవుల మధ్య సముద్రం మీదుగా ఎగరడం చూశాను. ఇవి కూడా మీరు చెప్పిన జాతివేనా? రోజూ సముద్రం దాటవలసిన అవసరం వాటికి ఏమిటి? – ఒక పాఠకుడు, పోర్ట్ బ్లెయిర్

జవాబు: అవును, మీరు చూసినవి ఇంపీరియల్ పావురాల్లో తెలుపు నలుపు రంగులవి. ఒక చిన్న దీవిలో ఏడాది పొడవునా పండే పండ్లు ఉండవు. మర్రి ఒక చెట్టు ఒక నెలలో విరగకాస్తే పక్క దీవిలోని చెట్టు మరో నెలలో కాస్తుంది. పండు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళగలిగినదే బతుకుతుంది. రాత్రి పడుకోవడానికి, గూడు కట్టడానికి మాత్రం పిల్లులు, ఎలుకల బెడద తక్కువగా ఉండే చిన్న దీవులు మేలు. ఈ రెండు అవసరాల మధ్య సముద్రం ఉంది కాబట్టి దాటుతాయి.

మీరు చూసిన దానికి బాగా దగ్గరి చుట్టమైన టోరెస్ జలసంధి ఇంపీరియల్ పావురం గురించి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని పట్టుదలగా లెక్కబెట్టినవారున్నారు. ఇది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో న్యూ గినీ నుంచి ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరానికి వస్తుంది, తీరానికి దూరంగా ఉన్న దీవుల్లో వేలాదిగా గూళ్ళు కడుతుంది, వేసవి వానలు ముగిసేవేళకు తిరిగి వెళ్తుంది. గూడు దీవిలో, తిండి ప్రధాన భూభాగపు వర్షారణ్యంలో. అందుచేత జంటలో ఒకటి గూటి మీద కూర్చుంటే మరొకటి సముద్రం దాటి పండ్లు తిని వస్తుంది. సాయంత్రం వేళ నీటికి దగ్గరగా, గుంపులు గుంపులుగా, తెల్లని పావురాలు దీవుల వైపు మళ్ళుతాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ గుంపులను వేటగాళ్ళు గూళ్ళ దగ్గరే కాచి కాల్చేవారు. తండ్రి పక్షినో తల్లి పక్షినో కాల్చితే ఇంట్లో ఉన్న పిల్ల కూడా పోయినట్టే. హించిన్‌బ్రూక్ ద్వీపానికి దగ్గరలోని బ్రూక్ దీవుల్లో ఆర్థర్ థోర్స్‌బోర్న్, మార్గరెట్ థోర్స్‌బోర్న్ దంపతులు 1965లో లెక్కింపు మొదలుపెట్టారు. పద్ధతి చాలా సాదాది: పొద్దుగూకేవేళ దీవి ఒడ్డున కూర్చుని, తిరిగి వచ్చే ప్రతి పక్షినీ లెక్కబెట్టడం. ఆ ఏడు 5,000 కూడా తేలలేదు. వాళ్ళు పెద్ద శాస్త్ర సంస్థల మనుషులు కారు. కాని ఏటేటా అదే చోట, అదే పద్ధతిలో తీసిన లెక్క చేతిలో ఉండటంతో, కాల్పులు ఎంత నష్టం చేస్తున్నాయో అధికారులకు చూపించగలిగారు. వేటకు అడ్డుకట్ట పడ్డాక తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య 30,000 దాటింది. ఆర్థర్ 1991లో, మార్గరెట్ 2018లో కన్నుమూశారు. హించిన్‌బ్రూక్ ద్వీపంలోని 32 కిలోమీటర్ల కాలిబాటకు ఇప్పుడు థోర్స్‌బోర్న్ పేరే ఉంది, స్వచ్ఛంద కార్యకర్తలు లెక్కింపును కొనసాగిస్తున్నారు. నికోబార్‌లో కూడా మీలాంటివారు ఒక చోటు, ఒక వేళ నిర్ణయించుకుని ఏటా లెక్క రాసిపెడితే అది ఉబుసుపోక పని కాదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాము.

ప్రశ్న: రంపచోడవరం ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా ఊరి మర్రిచెట్ల మీద ఆకుపచ్చ పావురాలు మందలుగా వాలతాయి. ఇవి కూడా గింజలు చల్లి అడవిని పెంచుతాయని పిల్లలకు చెప్పవచ్చా?

జవాబు: కొంచెం ఆగి చెప్పాలి. మీరు చూస్తున్నవి చాలావరకు పసుపు కాళ్ళ పచ్చ పావురాలు అయి ఉంటాయి. హరియల్ పేరుతో మహారాష్ట్ర తన రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నది వీటినే. చలికాలపు ఉదయాల్లో ఎండ కోసం ఎత్తయిన చెట్ల కొసకొమ్మల మీద వరసగా కూర్చుంటాయి, మర్రి పండ్లలో దిగాయంటే ఆకులో ఆకుగా కలిసిపోతాయి. ఇవీ పండ్లమీదే బతుకుతాయి, నిజమే. కాని వీటి కందనకాయ వొంపూ పావురపుదానిలా పలచబడలేదు. మర్రిపండులోని ఆవగింజకన్నా చిన్నవైన విత్తనాలను కూడా అది చాలావరకు నూరేస్తుంది. మలేసియాలో పచ్చ పావురాల మీద చేసిన అధ్యయనాల్లోనూ ఇవి విత్తనాలను చల్లేవి కావు, తినేవేనని తేలింది. పండు తినే ప్రతి పక్షీ అడవికి తోటమాలి అని పాఠాల్లో చెప్పడం అలవాటైపోయింది. మీ ఊరి మర్రి విషయంలో ఆ ఘనత కాకులకు, గోరింకలకు, గబ్బిలాలకు ఎక్కువగా చెందుతుంది.

మీ ప్రాంతంలోనే అసలైన విత్తన వాహకం ఒకటి ఉంది. తూర్పు కనుమల తేమ అడవుల్లో, ముఖ్యంగా ఉత్తర భాగాల్లో, ఆకుపచ్చ ఇంపీరియల్ పావురం కనిపిస్తుంది. తల, మెడ, పొట్ట లేత బూడిదరంగు, వీపు లోహపు మెరుపున్న ఆకుపచ్చ. మామూలు పావురం కన్నా బాగా పెద్దది. పెద్ద పండ్లను గింజతో సహా మింగి గింజను క్షేమంగా వదులుతుంది. పశ్చిమ కనుమల్లో దీని పాత్రను కొండ ఇంపీరియల్ పావురం పోషిస్తుంది. పిల్లలను అడవికి తీసుకెళ్ళినప్పుడు కొమ్మల మీద పక్షిని వెతకడం కన్నా, చెట్టు కింద శుభ్రంగా గుజ్జు ఊడిన పెద్ద టెంకలు, ఆ జాతి చెట్టు దగ్గరలో లేని చోట పడి ఉన్నాయేమో చూడమనండి. నేరేడు టెంక టేకు చెట్టు కింద ఎలా పడిందన్న ప్రశ్నకు పిల్లలే సమాధానం చెప్పుకుంటారు.

ప్రశ్న: ఇంత రంగురంగుల పక్షి గద్దల కంట పడకుండా ఎలా ఉంటుంది? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫోటోలో పక్షిని ముందునుంచి, దగ్గరనుంచి చూస్తాము. అడవిలో పైనుంచి చూసే గద్దకు కనబడేది ఆకుపచ్చ వీపు. కిందనుంచి చూసేవారికి ఆకాశపు వెలుగు, నీడల మధ్య ఊదా రంగు నల్లని మచ్చలాగా, పసుపు ఎండ పడిన ఆకులాగా కనిపిస్తాయి. పైగా తినేటప్పుడు తప్ప కదలదు. ఈ రంగుల్లో కొన్ని పండ్లు, ఆకుల్లో ఉండే కెరోటినాయిడ్ల కుటుంబానికి చెందినవి.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఉన్న మా బంధువు పొలం చుట్టూ కర్పూరం చెట్లు కలుపు మొక్కల్లా పెరిగాయట. వాటిని పావురాలే వ్యాపింపజేస్తున్నాయని అక్కడి రైతులు తిట్టుకుంటారట. అడవిని పెంచే పక్షి అని మీరంటారు, కలుపును పెంచే పక్షి అని వాళ్ళంటారు. ఏది నిజం? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ నిజమే, ఎందుకంటే పక్షి చూసేది పండును, చెట్టు స్వదేశీయా విదేశీయా అన్నది కాదు. మీ బంధువు ఉన్నది న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగం అయి ఉండవచ్చు. అక్కడ ఒకప్పుడు 'బిగ్ స్క్రబ్' అనే పేరుతో సుమారు 75,000 హెక్టార్ల లోతట్టు వర్షారణ్యం ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో కలప కోసం, తర్వాత పాడి పశువుల మేత కోసం దాన్ని నరికేశారు. నేడు దానిలో ఒక్క శాతం ముక్కలు ముక్కలుగా మిగిలి ఉంది. ఆ అడవి పోవడంతో ఆకలితో మిగిలిన పండ్ల పావురాలకు, నీడకోసం చైనా, జపాన్ ప్రాంతాల నుంచి తెచ్చి నాటిన కర్పూర వృక్షాలు దొరికాయి. అవి దాల్చినచెక్క కుటుంబానివే, ఆ పక్షులు తరతరాలుగా తింటున్న స్థానిక కాయలకు దగ్గరి చుట్టాలు. చలికాలంలో చెట్టు నిండా నల్లని చిన్న పండ్లు. పావురాలు తిన్నాయి, గింజలు వదిలాయి, పాడిపశువుల వ్యాపారం తగ్గి బీడుపడిన పచ్చికబయళ్ళు కర్పూరవనాలయ్యాయి.

రైతుకు అది కలుపే, ఆ కోపం న్యాయమైనదే. స్థానిక మొక్కలను అది అణచివేస్తుంది కూడా. కాని అక్కడ పరిశోధన చేసినవారు ఆ కర్పూరవనాల నేలను వెతికి చూసినప్పుడు, పాత వర్షారణ్యపు చెట్ల మొలకలు చాలా జాతులవి దొరికాయి. కర్పూరం పండ్ల కోసం వాలిన పావురాలే మిగిలిన అడవి ముక్కల నుంచి ఆ గింజలను మోసుకొచ్చాయి. అందువల్ల ఇప్పుడు కొందరు, కర్పూరం చెట్లను ఒక్కసారిగా నరికి నేలను బోడి చేయకుండా, కొన్ని కొన్ని తొలగిస్తూ కింద లేస్తున్న స్థానిక మొలకలకు వెలుగు దక్కేలా చేస్తున్నారు. మీ బంధువును కూడా రంపం పట్టేముందు ఒకసారి చెట్ల కింద వంగి చూడమనండి. నిటారుగా లేచిన ముదురాకుల మొలకలు కర్పూరానివి కాకపోతే, పావురం పని సగం చేసిపెట్టినట్టే. ఒక జాగ్రత్త: ఆ ప్రాంతపు పావురాలన్నీ ఒక్కటి కావు, తెల్లతల పావురం కర్పూరం గింజను నూరుకుని తింటుంది.

ప్రశ్న: ఇంత అందమైన పావురాన్ని తెప్పించుకుని పెంచుకోవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. ఆస్ట్రేలియా తన అడవి పక్షులను పెంపకానికి వ్యాపారంగా బయటికి పంపనివ్వదు. మన దేశంలోని పచ్చ పావురాలు, ఇంపీరియల్ పావురాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉన్నవి, పట్టడం, అమ్మడం, కొనడం నేరం. రోజూ రకరకాల తాజా పండ్లను గింజలతో మింగి, వాటికోసం కిలోమీటర్లు తిరిగే పక్షికి పంజరంలో అరటిపండు ముక్కలు పెట్టి బతికించగలమనుకోవడం కూడా పొరపాటే.

ప్రశ్న: వచ్చే నవంబరులో మా అబ్బాయి దగ్గరికి కెయిర్న్స్ వెళుతున్నాము. వొంపూ పావురాన్ని చూడాలంటే ఏం చేయాలి? – విశ్రాంత దంపతులు, కాకినాడ

జవాబు: మీరు వెళ్ళే కాలం బాగుంది, చోటు ఇంకా బాగుంది. కెయిర్న్స్ చుట్టూ ఉన్న వెట్ ట్రాపిక్స్ వర్షారణ్యాలను యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ వొంపూలు మామూలుగానే కనిపిస్తాయి. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే ఇవి ప్రమాదానికి లోనయ్యే జాతిగా నమోదయ్యాయి. ఉదయం ఎండ ముదరకముందే బయలుదేరి, పండ్లు రాలి ఉన్న మర్రి జాతి చెట్టు కింద నిలబడండి. పక్షిని వెతకవద్దు, చప్పుడు వినండి. పైనుంచి టపటపమని కాయలు రాలుతుంటే, గాలి లేకుండానే ఒక కొమ్మ ఊగుతుంటే, అక్కడ దుర్భిణి పెట్టండి. బరువైన ఒళ్ళుతో సన్నని కొమ్మ చివరకు పోయి, కాళ్ళు పట్టు వదలకుండా తలకిందులుగా వేలాడి పండు అందుకునే అలవాటు దానికుంది. ఒక్కోసారి రెక్కలు టపటపలాడిస్తూ నిలదొక్కుకుంటుంది, ఊదారంగు ఛాతీ పూర్తిగా కనిపించేది ఆ క్షణంలోనే. గూడు కంటపడితే కింద ఎక్కువసేపు నిలబడకండి. సాయంత్రాలు ఖాళీగా ఉంటే పోర్ట్ డగ్లస్ వైపు తీరానికి వెళ్ళండి. నవంబరు నాటికి తెలుపు నలుపు పావురాలు గూళ్ళ మీద ఉంటాయి కాబట్టి, పొద్దుగూకే ముందు ఎదురుగా ఉన్న లో ఐల్స్ దీవుల వైపు ఎగిరే గుంపులను కూడా చూడవచ్చు.